ఆడపడుచు అమెరికాలో, పిల్ల బరంపురంలో. దత్తపత్రం రాయిస్తే వీసా వస్తాదా?

బరంపురం_కోడలు
సోమవారం రాత్రి 11:40

అందరికీ నమస్తే. చాన్నాళ్ళుగా ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు, ఇవాళ రాయక తప్పట్లేదు. మాది బరంపురం, మా ఆయనకి పట్టుచీరల కొట్టు. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దదానికి 8, చిన్నదానికి మొన్ననే 5 నిండాయి. మా పెద్దాడపడుచు వాళ్ళు 14 ఏళ్ళుగా అట్లాంటాలో ఉంటున్నారు, పిల్లల్లేరు, ఐవీఎఫ్ నాలుగుసార్లు చేయించుకున్నా నిలవలేదు. ఈమధ్య వచ్చినప్పుడు మా చిన్నదాన్ని పెంచుకుంటాం ఇచ్చీండి అన్నారు. అత్తగారు సరే అనేశారు, మా ఆయన అవుననడు కాదనడు. రిజిస్ట్రాఫీసు దగ్గర దస్తావేజులు రాసే ఆయన్ని అడిగితే స్టాంపు కాగితం మీద దత్తపత్రం రాసి రిజిస్టర్ చేయించేస్తే చాలు, మొత్తం 8 వేలు, ఆరు నెలల్లో పిల్ల అమెరికాలో ఉంటాది అన్నాడు, మా ఆయన 3 వేలు అడ్వాన్సు కూడా ఇచ్చేశాడు. అది నిజమేనా? ఇంకా ఏం ఖర్చులుంటాయి? తెలిసినోళ్ళు చెప్పండి.

పర్లాకిమిడి_పంతులు
మంగళవారం ఉదయం 6:15

అమ్మా, నేను రిటైరయిన మేష్టారిని. హిందూ దత్తత చట్టం 1956లోది, దాని ప్రకారం పిల్లకి 15 ఏళ్ళు నిండకూడదు, పెళ్ళి కాకూడదు, తల్లీ తండ్రీ ఇద్దరూ ఒప్పుకుని ఇవ్వాలి, తీసుకునేవాళ్ళకి అప్పటికే కూతురు ఉండకూడదు. రిజిస్టర్ అయిన పత్రాన్ని కోర్టు కూడా ముందు నిజమనే అనుకుంటుంది. మా ఇంట్లో మా పెదనాన్నగారు అలాగే దత్తత వెళ్ళారు, హోమం చేశారు, ఊరందరికీ భోజనాలు పెట్టారు, అయిపోయింది. మేనత్తే కదా తీసుకుంటోంది, పరాయివాళ్ళు కాదు కదా. ఎందుకింత భయం?

రాయగడ_రైల్వేక్వార్టర్స్
మంగళవారం ఉదయం 7:50

పంతులుగారూ మీ పెదనాన్నగారు పక్కూరికి వెళ్ళుంటారు, అమెరికాకి కాదు. బాబూ వినండి, మాకు జరిగింది చెప్తాను. మా తమ్ముడి కొడుకుని మా చెల్లెలు వాళ్ళు దత్తత తీసుకున్నారు, వాళ్ళు అక్కడి సిటిజన్లు. ఒక లాయరు ఇలాగే దత్తపత్రం రాసి రిజిస్టర్ చేయించి 40 వేలు పట్టుకున్నాడు, వీసా సంగతి మీరు చూసుకోండి అన్నాడు. మేం సంబరంగా పిల్లడికి సూట్‌కేసు కూడా కొన్నాం. తీరా పేపర్లు వేశాక అమెరికావాళ్ళు అన్నదేటంటే మీరు ముందు దత్తత చేసేసుకుని తర్వాత మా దగ్గరికి వచ్చారు, వరస తిరగబడింది, పైగా కన్నతల్లీ తండ్రీ ఇద్దరూ బతికున్నారు, పోషించగలిగే వాళ్ళే, కాబట్టి ఈ దారిలో వీసా రాదు అని. మూడేళ్ళయింది. కాగితాల ప్రకారం పిల్లడు మా చెల్లెలి కొడుకు, ఉండేది మా అమ్మ దగ్గర, స్కూల్లో తండ్రి సంతకం కావాలంటే ఎవరు పెట్టాలో తెలీదు. మా తమ్ముడి భార్య పక్క వీధిలోనే ఉంటాది, వాడు ఆమెని అమ్మ అనాలో అత్త అనాలో తెలీక ఏమీ పిలవడు.

ఆ సూట్‌కేసు ఇంకా మంచం కిందే ఉంది.

బరంపురం_కోడలు
మంగళవారం ఉదయం 8:30

అయ్యో. చేతులు వణుకుతున్నాయి చదువుతుంటే. మరి దస్తావేజు ఆయన అంత ధైర్యంగా ఎలా చెప్పాడండి.

కిన్వట్_కాటన్
మంగళవారం ఉదయం 9:05

ఆయన పని కాగితం రాసుడు అక్కా, వీసా ఇచ్చుడు కాదు కద. గందుకే ధైర్యం.

సిరొంచ_గోదారి
మంగళవారం మధ్యాహ్నం 1:20

నేను పిల్లల సంరక్షణ పనిలనే 9 ఏండ్ల సంది ఉన్న, సిరొంచ నుంచి గడ్చిరోలి రెండు వందల కిలోమీటర్లు పైనే, నెలకు నాలుగుసార్లు తిరుగుత, బస్సుల కూసుండి రాస్తున్న కాబట్టి తప్పులుంటే చూసుకోండ్రి.

అక్కా ముందుగాల ఒకటి అర్థం చేసుకో. ఇండియాల రెండు చట్టాలున్నయ్. పంతులు సారు చెప్పింది ఒకటి. రెండోది 2015 జువెనైల్ జస్టిస్ చట్టం, జేజే చట్టం అంటరు. పిల్ల దేశం దాటాలంటే ఢిల్లీల ఉన్న కారా, అంటే కేంద్ర దత్తత సంస్థ, ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, ఇయ్యాల్సిందే. ఎందుకంటే దేశాల మధ్య దత్తతకు 1993ల హేగ్ ఒప్పందం ఉన్నది, మన దేశం 2003ల చేరింది, అమెరికాల 2008 నుంచి అమలు. దత్తపత్రం ఉన్నోళ్ళకు కూడ కారా నుంచి ఎన్ఓసీ ఇచ్చే దారి 2021ల పెట్టిండ్రు, కలెక్టర్ వెరిఫై చేసి పంపాలె, కని అవతలి దేశం ఒప్పుకోనిదే గది ముందుకు పోదు. అంటే పత్రం రాయించుకున్నంత మాత్రాన ఏమీ తప్పించుకోలేరు, గీ ముక్క మాత్రం గట్టిగ పట్టుకో.

ఇగ మేనత్త సంగతి. జేజే చట్టంల బంధువు అంటే బాబాయ్ పెదనాన్న, మేనత్త, మేనమామ, పిన్ని పెద్దమ్మ, తాతలు అవ్వలు. మేనత్త ఉన్నది కాబట్టి బంధువుల దత్తత కింద దేశాల మధ్యన చేయొచ్చు, 60వ సెక్షన్. గప్పుడు ఆడపడుచు వాళ్ళు అమెరికాలనే కారా గుర్తించిన ఏజెన్సీతోని హోమ్ స్టడీ, అంటే వాళ్ళ ఇల్లు సంసారం చూసి రాసే రిపోర్టు, చేయించుకోవాలె, ఇక్కడ మీ ఇంటికి జిల్లా పిల్లల సంరక్షణ యూనిట్ నుంచి వచ్చి కుటుంబం సంగతి రాస్తరు. 2022 సెప్టెంబర్ నుంచి కోర్టుకు పోయే పని లేదు, ఆర్డరు కలెక్టరే ఇస్తడు, మీకైతే ఛత్రపూర్ల కలెక్టరాఫీసుకు పోవాలె. రెండు నెలల్ల తేల్చాలని చట్టంల ఉన్నది.

ఇంకోటి, పిల్లకు ఐదేండ్లు నిండినయ్ అన్నవ్ కద? నిండితే పిల్ల కూడ ఒప్పుకోవాలె. అడుగుతరు. నువ్వు చెప్పిచ్చినవా, తనంతట తను చెప్పిందా అని చూస్తరు.

బరంపురం_కోడలు
మంగళవారం మధ్యాహ్నం 2:10

పిల్లని అడుగుతారా?

ఛత్రపూర్_టు_డల్లాస్
మంగళవారం సాయంత్రం 6:45

ఇక్కడ పొద్దున్నే కాఫీ తాగుతూ చూశాను, మన ఊరి పేరు కనపడితే ఆగలేకపోయా. అమ్మాయ్, మేం ఇదంతా దాటొచ్చిన వాళ్ళం. ముందు ఒక్కటి అడగాలి, మీ ఆడపడుచు వాళ్ళు అక్కడ సిటిజన్లా, గ్రీన్ కార్డా, హెచ్‌వన్నా? ఇది తెలీకుండా ఎవరేం చెప్పినా గాల్లో లెక్కే. హేగ్ దత్తతకి వేసే ఐ-800ఏ ఫారం సిటిజన్లకే, మొగుడూ పెళ్ళాల్లో ఒక్కరైనా అయ్యుండాలి. గ్రీన్ కార్డువాళ్ళకి ఆ దారి లేదు, వాళ్ళు రెండేళ్ళు చట్టప్రకారం పిల్ల బాధ్యత తీసుకుని రెండేళ్ళు పిల్లతో కలిసి ఒకే ఇంట్లో ఉన్నట్టు చూపించాలి, అంటే ఉద్యోగం మానేసి వచ్చి బరంపురంలో ఉండాలి.

బరంపురం_కోడలు
మంగళవారం రాత్రి 10:25

అడిగానండి. అన్నయ్యగారికి సిటిజన్‌షిప్ కిందటేడు వచ్చిందట, వదినకి గ్రీన్ కార్డు. నేను ఎందుకు అడుగుతున్నానో అని అనుమానంగా మాట్లాడింది.

ఛత్రపూర్_టు_డల్లాస్
మంగళవారం రాత్రి 11:30

సరే ఆయన సిటిజన్ కాబట్టి ఐ-800ఏ వేయొచ్చు. కానీ రాయగడ ఆయన చెప్పిన అడ్డంకే మీకూ ఉంది. అమెరికా చట్టంలో ఇలాంటి పిల్లకి తల్లీ తండ్రీ ఇద్దరూ ఉంటే, వాళ్ళు పిల్లని సరిగ్గా పోషించలేని స్థితిలో ఉన్నామని చూపించాలి. పట్టుచీరల కొట్టు ఉండి పెద్దపిల్లని ఇంట్లోనే ఉంచుకుని చదివిస్తూ చిన్నపిల్లని పోషించలేం అంటే ఎవరు నమ్ముతారు? ఇండియాలో మేనత్తకి ఇవ్వడం చట్టబద్ధమే, కారా కూడా చూస్తుంది, కానీ అక్కడ గేటు దగ్గర ఆగిపోద్ది. అబద్ధం రాసి దాటుదాం అని ఎవరైనా అంటే దండం పెట్టి బయటికి పంపండి.

ఖర్చు అడిగారు కాబట్టి మాది చెప్తా, మాది బంధువుల దత్తత కాదు, కారా పోర్టల్ కేరింగ్స్‌లో రిజిస్టర్ అయి తెచ్చుకున్న పాప. అమెరికాలో ఏజెన్సీకి 14,000 డాలర్లు, హోమ్ స్టడీకి 2,600. ఐ-800ఏకి మేం కట్టినప్పుడు 775, పైన వేలిముద్రలకి మనిషికి 85, ఇప్పుడు 2024 ఏప్రిల్ నించి 920 చేశారు, వేలిముద్రలు అందులోనే కలిపేశారు. ఇండియాలో పిల్లల సంరక్షణ నిధికి 5,000 డాలర్లు, ఇది కారా పెట్టిన రేటే, దీనిమీద ఎవరైనా విరాళం అంటే ఇవ్వకండి. వీసాకి 325. కాగితాలకి అపోస్టిల్ ముద్ర (బయటి దేశంలో చెల్లడానికి ప్రభుత్వం వేసేది), కొరియర్లు, నోటరీలు, తర్వాత పంపాల్సిన రిపోర్టులు అన్నీ కలిపి 2,400 దాకా అయ్యాయి. ఇక విమానాలు, ఐదు వారాలు హోటలు, ఢిల్లీలో వీసా మెడికల్, అది 7,500. కూడితే 33 వేలకి కొంచెం తక్కువ, మన లెక్కలో ఇరవై ఎనిమిది లక్షలు అనుకోండి. ఇందులో కొంత ట్యాక్స్‌లో తిరిగొస్తుంది, 2025కి గరిష్ఠం 17,280 డాలర్లు, కానీ బయటి దేశం పిల్ల అయితే దత్తత పూర్తయ్యాకే క్లెయిమ్ చెయ్యాలి, జీతం మరీ ఎక్కువైతే తగ్గిస్తారు. ముందు మాత్రం అంతా జేబులోంచే.

ఎక్కడ తప్పామంటే మేం ఐ-800ఏ తొందరపడి ముందే తెచ్చుకున్నాం, అది 15 నెలలే చెల్లుద్ది, పిల్ల దొరికేసరికి గడువు దగ్గరపడి పొడిగింపుకి మళ్ళీ పరుగులు.

కిన్వట్_కాటన్
బుధవారం ఉదయం 7:30

బాప్‌రే ఇరవై ఎనిమిది లక్షలా! మేం నాందేడ్ జిల్లాలనే ఉంటం, ఇక్కడోళ్ళం ఇక్కడి పాపనే తెచ్చుకున్నం, హోమ్ స్టడీకి 6 వేలు, సంరక్షణ నిధికి 50 వేలు, తర్వాత చూడనీకి వచ్చినప్పుడల్ల 2 వేలు, గంతే. ఐతే మూడేండ్ల పైన ఎదురుచూసినం. ఫోన్ల పాప ఫోటో వచ్చినంక 48 గంటల్ల రిజర్వ్ చేసుకోవాలె, ఆ రోజు నేను జిన్నింగ్ మిల్లుల ఉన్న, నెట్ లేదు, బండేసుకుని ఊళ్ళెకు ఉరికిన.

పర్లాకిమిడి_పంతులు
బుధవారం ఉదయం 8:00

నేను నిన్న తొందరపడి రాశాను, రాయగడ బాబూ క్షమించాలి. ఒక సందేహం, పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది. డల్లాస్ వాళ్ళ వరస ఏమిటి? ముందు ఏది, తర్వాత ఏది?

ఛత్రపూర్_టు_డల్లాస్
బుధవారం సాయంత్రం 7:10

మేష్టారూ వరసే ప్రాణం ఇందులో. హోమ్ స్టడీ, ఐ-800ఏ అయ్యాక కేరింగ్స్‌లో ఎక్కాం. పిల్ల ఫైల్ వచ్చాక ఒప్పుకుని, ఆ పిల్ల పేరుమీద ఐ-800 వేసి తాత్కాలిక ఆమోదం తెచ్చుకోవాలి, అప్పుడు ఢిల్లీలోని అమెరికా ఎంబసీ కారాకి ఆర్టికల్ 5 ఉత్తరం, అంటే మా వైపు నించి సరే అని, ఇస్తుంది, దానిమీద కారా ఎన్ఓసీ, ఆ తర్వాతే కలెక్టర్ ఆర్డరు. ఆర్డరు వచ్చాక మా పేర్లతో కొత్త బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు, దత్తత హేగ్ ప్రకారమే జరిగిందని కారా ఇచ్చే ఆర్టికల్ 23 సర్టిఫికెట్, ఆఖర్న వీసా. దత్తత ఆర్డరు ఎంత చివర్లో ఉందో చూశారా? దత్తపత్రం వాళ్ళు దాన్ని మొదట్లో పెడతారు, అక్కడే కొంప మునుగుద్ది.

మాకు రెండున్నరేళ్ళు పట్టింది. ఓసీఐ వాళ్ళకి, అంటే బయటి దేశం పౌరులైన మనవాళ్ళకి, వెంటనే చిన్నపిల్లలు రారు, ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లయితే ఇక్కడి వాళ్ళు, ఎన్ఆర్ఐలు 60 రోజుల్లో తీసుకోకపోతేనే బయటి దేశాలకి చూపిస్తారు. కాస్త పెద్దపిల్లలు, అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళు కలిసున్నవాళ్ళు, ఆరోగ్యం బాగోని పిల్లలు అయితే త్వరగా. మా పాపకి గ్రహణమొర్రి, మూడేళ్ళు, సగం ఆపరేషన్ అయ్యింది. మొదటి రాత్రి హోటల్లో చెప్పులు విప్పనివ్వలేదండి. ఎర్ర ప్లాస్టిక్ చెప్పులు, ఆశ్రమంలో ఎవరో ఇచ్చినవి. చెప్పులతోనే పక్కమీద పడుకుంది, నాలుగు రోజులు అలాగే. ఐదో రోజు తనే విప్పి మా చెప్పుల పక్కన పెట్టింది, మా ఆయన బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాడు.

(ఈ స్థానంలో ఉన్న పోస్టు తీసేశాం. మోడరేటర్)

రాయగడ_రైల్వేక్వార్టర్స్
బుధవారం రాత్రి 9:15

ఎవడో పైన నర్సింగ్‌హోంలో పుట్టిన బిడ్డని 4 లక్షలకి ఇప్పిస్తా అని నంబరు పెట్టాడు, తీసేశారు, మంచిపని. ఎవరైనా నంబరు రాసుకుని ఉంటే చింపేయండి బాబూ.

సిరొంచ_గోదారి
బుధవారం రాత్రి 9:40

పిల్లల్ని అమ్మినా కొన్నా 81వ సెక్షన్, ఐదేండ్ల దాక కఠిన జైలు, లక్ష జరిమానా, ఆస్పత్రోళ్ళే చేస్తే మూడు నుంచి ఏడేండ్లు. కొన్నోళ్ళ మీద కూడ కేసే, అమాయకులం అంటే వినరు. పట్టుకున్నంక బిడ్డను తీసుకపోతరు, అప్పటిదాక పెంచినోళ్ళ ఏడ్పు చూడలేం, నేను చూసిన.

బరంపురం_కోడలు
గురువారం రాత్రి 12:50

అందరూ ఇంత ఓపిగ్గా చెప్తుంటే నేను సగమే చెప్పాను, తప్పు నాదే. కొట్టు రెండేళ్ళకితం చాలా నష్టంలోకి వెళ్ళింది, మా ఆడపడుచు వాళ్ళు 6 లక్షలు పంపారు, అడగలేదు, పంపారు. ఇప్పుడు అత్తగారు రోజూ ఆ మాటే తీస్తారు, అంత చేసినవాళ్ళకి ఒక్క పిల్లని ఇవ్వలేవా, నీకు ఇంకొకతి ఉంది కదా, అమెరికాలో రాణిలా పెరుగుతాది అని. వదిన చెడ్డదేం కాదు, పిల్లంటే ప్రాణం, బొమ్మలూ గౌనులూ పంపుతుంది. నేను కాదంటే కృతజ్ఞత లేనిదాన్ని అవుతాను.

చట్టం కుదరదు అని మీరు చెప్తే నాకు లోపల హాయిగా అనిపించింది, అలా అనిపించినందుకు మళ్ళీ సిగ్గేసింది. చిన్నది ఏదో వినేసింది, వారం నించి నా కొంగు చివర వేలికి చుట్టుకుని పడుకుంటోంది, నిద్రలో విప్పితే లేచిపోతోంది.

సిరొంచ_గోదారి
గురువారం ఉదయం 6:05

అక్కా రాత్రి నిద్ర పట్టలే నీ పోస్టు సదివి. రెండు మాటలు చెప్త. ఒకటి, ఆ ఆరు లక్షల ముచ్చట, పిల్ల ముచ్చట ఒక్కతాన కలపకుర్రి, వాట్సాప్‌ల అసలే కలపకుర్రి. దత్తతకు పైసలు తీసుకునుడు 1956 చట్టంల కూడ నేరమే, 17వ సెక్షన్, మీరు అట్ల అనుకోకపోయినా చదివెటోనికి అట్లనే కనపడ్తది. పైసలు అప్పు, అప్పులెక్క తీర్చుర్రి, కాగితం రాసుకోండ్రి.

రెండోది, తల్లి ఒప్పుకోవాలె అని చట్టంల ఊకనే రాయలే. నువ్వు సంతకం పెట్టకపోతే పత్రం లేదు. నీ అత్త సంతకం, నీ మొగని సంతకం ఒక్కటే చాలదు. కృతజ్ఞత లేనిదానివి కాదు నువ్వు.

రాయగడ_రైల్వేక్వార్టర్స్
గురువారం ఉదయం 7:00

చెల్లెమ్మా మీ ఆయనకి ఈ థ్రెడ్ చూపించు. కావాలంటే నా నంబరు ఇస్తాను, మా తమ్ముడు మాట్లాడతాడు. వాడు ఎవరితోనూ మాట్లాడడు దీని గురించి, కానీ మీ ఆయనతో మాట్లాడతానన్నాడు.

ఛత్రపూర్_టు_డల్లాస్
గురువారం సాయంత్రం 6:20

మీ వదిన నంబరు కాదు గానీ నా మెయిల్ ఆవిడకి ఇవ్వండి, పర్సనల్ మెసేజ్‌లో పెడతాను. ఆవిడ ఏడుపు నాకు తెలుసు, నాకూ మూడుసార్లు ఐవీఎఫ్ పోయింది. వాళ్ళిద్దరి వయసులు కలిపి ఎంత? రెండేళ్ళలోపు పిల్లకైతే 85 దాటకూడదు, నాలుగేళ్ళ లోపు 90, ఎనిమిదేళ్ళ లోపు 100. దాన్నిబట్టి ఏ వయసు పిల్ల కోసం రిజిస్టర్ అవ్వాలో చెప్తాను. తోడబుట్టినవాడి పిల్లే కావాలని పట్టుబట్టేది చాలాసార్లు తెలీని ఫైలంటే భయం వల్ల, మాకూ అదే భయం ఉండేది.

కువైట్_గుణుపూర్
గురువారం రాత్రి 8:30

మధ్యలో వస్తున్నందుకు ఏటనుకోకండి. నేను కువైట్‌లో క్రేన్ ఆపరేటర్ని, మాది గుణుపూర్. మేం ఇండియన్ పాస్‌పోర్టే, ఇద్దరం ఇక్కడే ఉంటాం. ఈ హేగ్ గీగ్ మాకుందా? మాకూ ముప్పై మూడు వేల డాలర్లు అవుద్దా? అయితే ఇప్పుడే ఆశ వదిలేస్తాను.

సిరొంచ_గోదారి
గురువారం రాత్రి 9:10

తమ్మీ కువైట్ ఆ ఒప్పందంల లేదు. ఏజెన్సీ లేని దేశంల ఉన్న మన పౌరులు అక్కడి ఇండియన్ ఎంబసీని పట్టుకోవాలె. ఇంకో మంచి ముచ్చట, ఎన్ఆర్ఐలను పిల్లల వరసల ఇక్కడ ఉన్నోళ్ళతోని సమానంగనే చూస్తరు, అమెరికా ఫారాల ఖర్చు నీకు లేదు. ఆశ వదలకు.

పర్లాకిమిడి_పంతులు
గురువారం రాత్రి 9:30

కువైట్ బాబూ, పెళ్ళయి రెండేళ్ళు నిండాయా? నిండి ఉండాలి. నేనిప్పుడు కారా నిబంధనలు ప్రింటు తీసి కూర్చున్నాను, ఇంట్లో వాళ్ళు నవ్వుతున్నారు.

బరంపురం_కోడలు
ఆదివారం రాత్రి 10:15

మూడు రోజులు రాయలేకపోయాను. శుక్రవారం కొట్టు మూసొచ్చాక మా ఆయన చేతికి ఫోనిచ్చి మొదటినించి చదవమన్నాను. సూట్‌కేసు దగ్గర ఆగిపోయాడు, మళ్ళీ చదివాడు. రాయగడ అన్నయ్యా, మీ తమ్ముడితో గంట మాట్లాడాడు, ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు, తర్వాత అత్తగారితో నేను మాట్లాడతాను నువ్వు లోపలికెళ్ళు అన్నాడు. పెళ్ళయిన పదేళ్ళలో అలా అనడం ఇదే మొదలు. అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు, ఇవాళ పొద్దున్న పులిహోర కలిపి పిల్లకి పెట్టారు, నాకు పెట్టలేదు, సరే.

వదినకి మా ఆయనే ఫోన్ చేశాడు. డాలర్లు, ఫారాలు అన్నీ చెప్పాక చాలాసేపు ఏం మాట్లాడలేదట, చివరికి మీరు ముందే కాదని చెప్పి ఉంటే నేను ఇన్నాళ్ళు గౌనులు కొనేదాన్ని కాదుగా అందట. అది నాకు చాలా కష్టంగా అనిపించింది. డల్లాస్ అక్కా, మీ మెయిల్ ఇచ్చాను, వాళ్ళ వయసులు 43, 41, అంటే 84. రాస్తుందో లేదో తెలీదు. ఆరు లక్షలకి నెలకి 15 వేలు చొప్పున కడతామని మా ఆయన కాగితం రాసి పంపాడు, వద్దంది, అయినా మొదటిది వేసేశాం.

దస్తావేజు ఆయన 3 వేలు తిరిగివ్వలేదు, టైపింగ్ అయిపోయింది కదా అన్నాడు. అయితే టైపు చేసిందైనా ఇవ్వమని నేనే వెళ్ళి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి చదివితే నాలుగు పేజీల్లో మూడుచోట్ల పిల్ల పేరు తప్పే పడింది.